పేర్ల వెనక దాక్కున్న పుస్తకాలు: మీకు తెలిసినవి చెప్పండి

ఫ్యాన్సీ షాపు పద్మ (తెనాలి)

అందరికీ నమస్కారం. మాది తెనాలిలో చిన్న ఫ్యాన్సీ షాపు. పద్దెనిమిదేళ్ళుగా కౌంటర్లో నేనే కూర్చుంటున్నాను. 'లాక్మే కాటుక ఉందా ఆంటీ' అనే మాట రోజుకు ఎన్నిసార్లు వింటానో లెక్కలేదు. ఎవరో ఫ్రెంచి దొరసాని పేరనుకునేదాన్ని.

మొన్న మా అబ్బాయి ఫోన్లో ఒక పాట పెట్టాడు. ఇద్దరు ఆడవాళ్ళు గొంతులు కలిపి పాడుతున్నారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఒళ్ళు జలదరించింది. ఏంటిరా ఇది అంటే, 'లాక్మే' అనే ఒపెరాలోది అన్నాడు. కూర్చోబెట్టి కథంతా చెప్పించుకున్నాను. సంగీతం లియో దెలీబ్, 1883లో పారిస్‌లో మొదటిసారి ఆడారట. కథ మాత్రం మన దేశంలో జరుగుతుంది. నీలకంఠుడనే బ్రాహ్మడి కూతురు లాక్మే. అంటే మన లక్ష్మే! ఫ్రెంచివాళ్ళ నోట్లో పడి అలా మారింది. నేను విన్నది లాక్మే, ఆమె చెలికత్తె మల్లిక పూలు కోసుకోవడానికి ఏటి వైపు వెళ్తూ పాడుకునే పాట. ఆ పిల్ల ఒక ఇంగ్లీషు సైనికాధికారి మీద మనసు పడుతుంది. చివరికి అతని మనసు తన పటాలం వైపే లాగుతోందని గ్రహించి ఉమ్మెత్త ఆకు నమిలి ప్రాణం తీసుకుంటుంది. 1952లో టాటాలు కాటుకలు, పౌడర్ల కంపెనీ మొదలుపెట్టినప్పుడు ఆ పేరే పెట్టారు.

ఉమ్మెత్త మా పెరటి గోడ అవతలే ఉంది. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రిలో 'దుత్తూర పత్రం' అని చదువుతూ వేస్తామే, అదే. ఇప్పుడు ఆ కాటుక చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఎక్కడో పారిస్ వాళ్ళు ఊహించుకున్న మన లక్ష్మి గుర్తొస్తోంది.

ఇలా మనం రోజూ పలికే పేర్లలో ఇంకా ఎన్ని కథలున్నాయో! తెలిసినవాళ్ళు చెప్పండి.

విశ్రాంత తెలుగు పండితుడు (రాజమండ్రి)

పద్మగారూ, మంచి చర్చ మొదలుపెట్టారమ్మా. నేను ఇంట్లో వాడుకునే మాటతోనే మొదలుపెడతాను.

ఆడపిల్లల వంక కన్నెత్తి చూడని కుర్రాణ్ణి 'వీడో ప్రవరాఖ్యుడు' అంటాం. 2009లో ఆ పేరుతో సినిమా కూడా వచ్చింది. నిజానికి ఆ మనిషి పేరు ప్రవరాఖ్యుడు కాదు, ప్రవరుడు. 'ఆఖ్య' అంటే పేరు. ప్రవరుడనే పేరు గలవాడు ప్రవరాఖ్యుడు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో అరుణాస్పదపురం సంగతి చెప్పి, ఆ వెంటనే 'ఆ పురిఁ బాయకుండు' అని ఎత్తుకుని, అందం, పాండిత్యం, యజ్ఞాలు, అధ్యాపనం అన్నీ వరసగా పేర్చి, చివరి పాదంలో 'ప్రవరాఖ్యుఁడు' అని పేరు బయటపెడతాడు. ఆ ఒక్క పద్యంలోని సమాసం జారి జనం నోట్లో పడి, అయిదు వందల ఏళ్ళుగా అక్కడే ఉండిపోయింది. పద్యం మరిచిపోయాం, సమాసం మిగిలింది.

ఇంకొకటి కూడా గమనించాలి. 'ఆ పురిఁ బాయకుండు' అంటే ఆ ఊరు విడిచి వెళ్ళనివాడు అని. అలాంటివాడు ఒక సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు పూసుకుని హిమాలయాలకు వెళ్ళాడు, మంచుకు అది కాస్తా కరిగిపోయింది, ఇంటికి తిరిగొచ్చే దారి పోయింది. వరూధిని అనే అప్సరస ఎదురై అతని మీద మనసు పడింది అప్పుడే. అతను ఆమెను కాదన్నది ఆడవాళ్ళంటే గిట్టక కాదు. పొద్దు వాలేలోగా ఇంటికి చేరాలి, అగ్నిహోత్రం చూసుకోవాలి. ఇల్లు తప్పిపోయినవాడి ఆరాటం అది. మనం వాడుకునే మాటలో ఆ ఆరాటం మిగల్లేదు, అదే నా బాధ.

కాజీపేట జంక్షన్

మాష్టారూ, బడి మానేసిన ఇన్నేళ్ళకు పాఠం విన్నట్టుంది.

నేను రైల్వేలో పనిచేస్తా. మన దిక్కు బండ్లకు నదులు, కొండలు, రాజుల పేర్లే ఎక్కువ: గోదావరి, గౌతమి, సింహాద్రి, శాతవాహన. వేరే రాష్ట్రాల బండ్ల మీద మాత్రం పుస్తకాలున్నయి. హౌరా నుంచి ముంబై పోయే గీతాంజలి ఠాగూర్ పుస్తకం. ముంబై నుంచి గోరఖ్‌పూర్ పోయే గోదాన్ ప్రేమ్‌చంద్ నవల. కామాయని జయశంకర్ ప్రసాద్ కావ్యం. గోదాన్‌ల హోరి అనే రైతు ఒక్క ఆవు కోసం బతుకంతా అప్పుల్లనే గడుపుతడు. ఆ బండి జనరల్ బోగీల ఊరికి తిరిగిపోయే కూలోళ్ళను చూస్తే, పేరు పెట్టినాయనకు నవల బాగా తెలుసనిపిస్తది.

ఫ్రీమాంట్ శ్యామల

నమస్తే అండీ. మేం కాలిఫోర్నియాలో ఉంటాం. 2020లో 'అల వైకుంఠపురములో' వచ్చినప్పుడు మా పాప 'అల అంటే వేవ్ కదా, వైకుంఠంలో సముద్రం ఉందా?' అని అడిగింది. నాకూ చప్పున తట్టలేదు. హైదరాబాద్‌లో ఉన్న మా అత్తయ్యకు ఫోన్ చేస్తే, ఆవిడ పోతన పద్యం గడగడా చదివేశారు. ఇక్కడ 'అల' అంటే కెరటం కాదు, 'ఆ', 'అల్లదిగో అక్కడెక్కడో' అని.

ఆ పద్యం గజేంద్ర మోక్షంలోదని సినిమా చూసిన వాళ్ళలో ఎంతమందికి తెలుసో! మాష్టారు గారూ, వీలుంటే కాస్త వివరించరూ? పాపకు నేర్పాలని ఉంది.

ఇక్కడి టెక్ కంపెనీల పేర్లలో కూడా పుస్తకాలు చాలానే ఉన్నాయి. పాలంటిర్ అనే డేటా కంపెనీ పేరు టోల్కీన్ కథల్లో దూరాన ఉన్నవి చూపించే రాయిది. కథ చదివితే ఆ రాయి చూపించిన సగం నిజాన్ని నమ్మి ఒకరి తర్వాత ఒకరు దారి తప్పుతారు. అది తెలిసీ ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారా అని ఆ బోర్డు చూసినప్పుడల్లా అనుకుంటాను. గ్రోక్ అనే ఏఐ చాట్‌బాట్ పేరు కూడా 1961లో వచ్చిన హైన్‌లైన్ నవల్లోని మాటే. కుజగ్రహం వాళ్ళ భాషలో 'నీళ్ళు తాగడం' దాని అర్థం, ఒక విషయాన్ని పూర్తిగా ఒంటబట్టించుకోవడం అని కూడా.

చదువరి (విశాఖ)

ఒక చిన్న హెచ్చరిక. పేరు కలిసినంత మాత్రాన పుస్తకం నుంచే వచ్చిందనలేం. దాశరథి కవితా సంపుటి 'రుద్రవీణ', 1988లో వచ్చిన సినిమా 'రుద్రవీణ'. రెంటికీ అదొక వాద్యం పేరు. అంతకుమించి ముడి వేయాలంటే ఆధారం ఉండాలి.

పుస్తకం నుంచే వచ్చినా లోతు లేనివీ ఉంటాయి. స్టార్‌బక్స్ సంగతే తీసుకోండి. మెల్‌విల్ 1851లో రాసిన 'మోబీ డిక్'లో పీక్వాడ్ అనే తిమింగలాల వేట ఓడ మీద కెప్టెన్ తర్వాతి అధికారి స్టార్‌బక్. 1971లో సియాటిల్‌లో ఆ కొట్టు పెట్టినవాళ్ళు ముందు ఓడ పేరే అనుకున్నారట. తర్వాత 'స్ట' శబ్దంతో మొదలయ్యే పేరైతే గట్టిగా వినిపిస్తుందని వెతుకుతుంటే పాత గనుల పటంలో స్టార్బో అనే ఊరు కనిపించింది, దాంతో స్టార్‌బక్ గుర్తొచ్చాడు. అంటే పేరును తెచ్చింది కథ కాదు, చప్పుడు. ఆ నవల్లో స్టార్‌బక్ నిజంగా గొప్ప మనిషి. నోరులేని జంతువు మీద పగేమిటని కెప్టెన్‌ను నిలదీసింది అతనొక్కడే. కాఫీ కప్పు మీద ఆ ధైర్యం ఎక్కడా కనపడదు.

ఫ్యాన్సీ షాపు పద్మ (తెనాలి)

చదువరి గారూ, మీరన్నది నిజమే. కానీ పెట్టినవాళ్ళు ఏమనుకుని పెట్టినా, మనకు కథ తెలిశాక ఆ పేరు మునుపటిలా వినిపించదు కదండీ. నాకు లాక్మే అలాగే అయింది.

సూర్యాపేట నర్సన్న

నేనొక మాట చెప్త. 'రోబో' అంటే అందరికీ సినిమా యాదికొస్తది, మిషిను యాదికొస్తది. ఆ మాట ఒక నాటకంల పుట్టింది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920ల 'ఆర్.యు.ఆర్.' అని రాసిండు. మాట సూచించింది ఆయన అన్న యోసెఫ్. చెక్ భాషల 'రోబోట' అంటే ఏందో ఎరుకేనా? దొర భూమిల కూలి లేకుండ చేసే చాకిరి. మన మాటల చెప్పాల్నంటే వెట్టి.

మా తాత వెట్టి చేసిండు. దొర గడికి కట్టెలు మోసిండు, దొర ఊరికి పోతే బండి ముందట ఉరికిండు. ఆయన భుజం మీద కావడి బద్ద ఒరిసి కాయ కాసి ఉండేది, చిన్నప్పుడు నేను దాని మీద చెయ్యి పెట్టి చూసేటోన్ని, చెప్పు అట్ట లెక్క గట్టిగ. చాపెక్ నాటకంల రోబోలు ఇనుపయి కావు, మనిషి లెక్కనే తయారు చేసిన పనోళ్ళు. ఆఖరికి వాళ్ళు తిరగబడ్తరు. 1946 సంది మా దిక్కు జరిగింది కూడ అదే కద. గా మాటను తెలుగుల 'యంత్రుడు' అనకుండ 'వెట్టోడు' అని చదువుకుంటే నాటకం కండ్ల ముందట కనిపిస్తది.

ఇంకొకటి. 'మా భూమి' సినిమా తెలంగాణ పోరాటం మీద వచ్చిందని అందరికీ తెలుసు. దాని మూలం కిషన్ చందర్ ఉర్దూల రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల. 1947ల సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకం వేరు. పేరు నాటకానిది, కథ నవలది. రెండూ కలిసి ఒక సినిమాల ఉన్నయి.

కాజీపేట జంక్షన్

నర్సన్నా, తాత భుజం మాట చదివినంక మళ్ళ ఏం రాయాల్నో తెలుస్తలేదు.

పాల్వంచ వాసి

మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. కిన్నెరసాని అనగానే పిల్లలు సినిమా పాట అందుకుంటారు, పెద్దవాళ్ళు డ్యాం అంటారు. ఆ నీళ్ళే ఇక్కడి థర్మల్ కేంద్రానికి వెళ్తాయి. విశ్వనాథ సత్యనారాయణ గారు 'కిన్నెరసాని పాటలు' రాసింది ఈ ఏటి మీదే. అత్త పోరు పడలేక అడవిలోకి పరుగెత్తిన కోడలు కిన్నెర. భర్త వెంటపడి వచ్చి ఏడుస్తూ వాటేసుకుంటే, ఆమె అతని చేతుల్లోనే నీరై కరిగి వాగుగా పారుతుంది. అతను అక్కడే రాయైపోతాడు. చివరకు గోదావరి తల్లి ఆమెను చేర్చుకుంటుంది.

ఎండాకాలం ఏటిలోకి దిగితే నీళ్ళు రాళ్ళను చుట్టుకుని, సందుల్లోంచి సన్నగా జారుతూ ఉంటాయి. ఒక రాయి దగ్గర ఆగుతాయి, వదల్లేనట్టు సుడి తిరుగుతాయి, మళ్ళీ కదులుతాయి. ఆ పాటలు చదవకముందు ఎన్నోసార్లు అక్కడ స్నానం చేశాను, ఇదేదీ చూడలేదు.

విశ్రాంత తెలుగు పండితుడు (రాజమండ్రి)

పాల్వంచ వారూ, మీరు రాసిన ఆ నాలుగు వాక్యాలు మా క్లాసులో చదివి వినిపించాల్సినవి.

చదువరి గారి హెచ్చరికకు నాదొక ఉదాహరణ. 'స్వాతిముత్యం' అనే మాట అందరిదీ. 1986 నాటి సినిమా ఫలానా పుస్తకం నుంచి పేరు తీసుకుందని నేననను. ఆ మాట వెనక ఉన్న నమ్మకం మాత్రం భర్తృహరి శ్లోకంలో ఉంది. కాలిన ఇనుము మీద పడ్డ చినుకు పేరు కూడా లేకుండా పోతుంది, తామరాకు మీద ముత్యంలా మెరుస్తుంది, స్వాతి కార్తెలో సముద్రపు చిప్పలో పడితే ముత్యమే అవుతుంది. ఏనుగు లక్ష్మణకవి దీన్ని 'నీరము తప్తలోహమున నిల్చి' అని తెలుగు చేశాడు. బళ్ళో అందరం కంఠస్థం చేసిందే. పద్యమంతా ఒకసారి మనసులో చదువుకోండి: అందులో చిప్ప ఉంది, మణి ఉంది, స్వాతి లేదు! సంస్కృత శ్లోకంలోని ఆ నక్షత్రం తెలుగు పద్యంలోకి రాలేదు. అయినా జనం దాన్ని వదల్లేదు, మాటలో దాచుకున్నారు.

శ్యామలగారికి పోతన పద్యం రేపు పొద్దున రాస్తాను. తొందరగా రాసేది కాదది.

స్టాఫ్ నర్స్ (గోదావరి జిల్లా)

రెండు రోజులుగా మీ అందరివీ చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను.

నేను ప్రభుత్వాసుపత్రిలో నర్సుని. మా దగ్గర చనిపోయినవాళ్ళను ఇంటికి చేర్చే ఉచిత బండి మీద 'మహాప్రస్థానం' అని రాసి ఉంటుంది. పోయిన నెల రాత్రి డ్యూటీలో ఒక పెద్దాయన పోయారు. ఆయన కొడుకు బండి దగ్గర నిలబడి ఆ అక్షరాల్ని చూస్తూ ఉండిపోయాడు. 'సిస్టర్, మా నాన్న పార్టీ మీటింగుల్లో ఈ పుస్తకమే చదివేవాడు, పదండి ముందుకు అని. దీని మీద ఎందుకు రాశారు?' అన్నాడు. నాకు జవాబు తెలియలేదు. 'ఎక్కండి బాబూ' అన్నాను అంతే. అది ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. ఆ పేరు శ్రీశ్రీ పుస్తకం నుంచే వచ్చిందా?

చదువరి (విశాఖ)

సిస్టర్ గారూ, ఆ పేరు శ్రీశ్రీ కంటే చాలా పాతది. మహాభారతంలో పదిహేడో పర్వం మహాప్రస్థానిక పర్వం. హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో శ్మశానవాటికకు కూడా అదే పేరు. మాష్టారు నాకంటే బాగా చెబుతారు.

విశ్రాంత తెలుగు పండితుడు (రాజమండ్రి)

అమ్మా, మీరు జవాబు చెప్పలేకపోయానని బాధపడకండి. ఆ వేళ ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

కృష్ణుడు వెళ్ళిపోయాడని విన్నాక పాండవులు రాజ్యం పరీక్షిత్తుకు అప్పగించి, నారచీరలు కట్టి, ఉత్తర దిక్కుగా నడిచారు. ద్రౌపది వెంట నడిచింది. ఒక కుక్క కూడా నడిచింది. దారిలో ముందు ద్రౌపది పడిపోయింది, తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు. ధర్మరాజు వెనుదిరగకుండా నడిచాడు. చివర ఇంద్రుడు రథం తెస్తే, కుక్కను విడిచి ఎక్కనన్నాడు. తిరిగి రావడమనేది లేని నడక కనుకే అది 'మహా' ప్రస్థానం. మన భాషలో ఆ కథ చెప్పినవాడు తిక్కన. బండి మీది పేరు అక్కడిదే.

శ్రీశ్రీ 1934లో ఆ గేయం రాసినప్పుడు ఈ కథ ఎరగని వారు కారు. ఎరిగే ఆ పేరు తీసుకున్నారని నేను నమ్ముతాను. ఒక్కొక్కరే రాలిపోతూ నడిచే ఆ దారిని, అందరూ కలిసి తోసుకుంటూ సాగే దారిగా తిప్పారు. 1950లో పుస్తకం వచ్చేనాటికి ఆ మాట యువకుల నోట యుద్ధగీతమైంది. కనుక ఆ అబ్బాయి అడిగినదాంట్లో తప్పు లేదు. అతని తండ్రి చదివిన మహాప్రస్థానం, బండి మీది మహాప్రస్థానం రెండూ ఒకే మాట నుంచి చెరోవైపు నడిచినవి.

వైకుంఠధామం, కైలాసభూమి లాంటి పేర్లు చేరుకునే చోటును చెబుతాయి. మహాప్రస్థానం అనే మాట నడకను చెబుతుంది. నాకు అదే నచ్చుతుంది.

సూర్యాపేట నర్సన్న

సిస్టరమ్మా, గా పిలగాడు మళ్ళ కలిస్తే ఈ ముచ్చట చెప్పుండ్రి.

స్టాఫ్ నర్స్ (గోదావరి జిల్లా)

పెద్దాయన మందుల చీటీలు ఇంకా మా వార్డులోనే ఉన్నాయి. వాటి కోసం కొడుకు వస్తానన్నాడు. మాష్టారు గారు రాసింది కాగితం మీద ఎత్తి రాసి పెట్టుకున్నాను.

విశ్రాంత తెలుగు పండితుడు (రాజమండ్రి)

శ్యామలగారూ, పాప కోసం పద్యం ఇదిగో:

అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దా
పల మందారవనాంతరామృత సరః ప్రాంతేందు కాంతోపలో
త్పల పర్యంక రమావినోది యగు నాపన్నప్రసన్నుండు వి
హ్వల నాగేంద్రము 'పాహి పాహి' యనఁ గుయ్యాలించి సంరంభియై

పాపకు చెప్పేటప్పుడు కెమెరా దూరం నుంచి దగ్గరకు వస్తున్నట్టు చెప్పండి. అక్కడెక్కడో వైకుంఠం. అందులో నగరు, అంటే రాజభవనం. అందులో ప్రధాన సౌధం, దాని దాపున మందారవనం, వనం లోపల అమృత సరస్సు, ఒడ్డున చంద్రకాంత శిలల మీద కలువల పాన్పు, దాని మీద లక్ష్మితో వినోదిస్తున్న స్వామి. ఇన్ని గోడల లోపల ఉన్నవాడికి, ఎక్కడో మడుగులో మొసలి నోట కాలు చిక్కిన ఏనుగు మొర వినిపించింది. 'అల' అనే ఒక్క అక్షరాల జంటలో ఆ దూరమంతా ఉంది. పద్యం అక్కడ పూర్తి కాదు, 'సంరంభియై' అని తొందరలోనే ఆగుతుంది. తర్వాతి పద్యంలో లక్ష్మికి చెప్పకుండా, శంఖచక్రాలు అందుకోకుండా, ఆమె పైట కొంగు చేతిలో ఉండగానే బయలుదేరతాడు.

ఫ్రీమాంట్ శ్యామల

మాష్టారు గారూ, చాలా కృతజ్ఞతలు. పాప రెండు రోజుల్లో మూడు పాదాలు పట్టేసింది. 'ఆపన్నప్రసన్నుండు' దగ్గర నాలుక తిరగక నాలుగుసార్లు ఆగింది, ఇప్పుడు తిరుగుతోంది. నాలుగో పాదంలో 'కుయ్యాలించి' అంటే ఏమిటని అడుగుతోంది. నిఘంటువులో ఎక్కడ వెతకాలో తెలియలేదు.

విశ్రాంత తెలుగు పండితుడు (రాజమండ్రి)

'కుయ్యి' దగ్గర వెతకండమ్మా. కుయ్యి అంటే మొర. కుయ్యి, ఆలించి. మొర విని.